వయస్సు – వైరస్ వ్యాధులు



ఒకే ఇంట ఒకే వైరస్ ప్రవేశించినను మనుమనికి ఒక విధముగాను, తాతకు మరొక విధముగాను వ్యాధి వచ్చుట మనమందరము చూచుచున్నాము. దీనికి గల కారణములలో ముఖ్యమైన దొకదానిని ఈ పూట విచారింతము.

మన రొమ్ము ఎముక వెనుక థైమస్ అను గ్రంథి గలదు. వైరస్‌తో పోరాడు టీ కణములు అచ్చటనే తర్ఫీదు పొందును. బాల్యములో చురుకుగా పనిచేయు ఈ గ్రంథి, యౌవనము మొదలుకొని క్రమముగా కుంచించుకొని క్రొవ్వుగా మారును. అందుచేత వృద్ధాప్యములో క్రొత్త శత్రువును గుర్తించు కణములు తక్కువగును. 2020లో కోవిడ్ అందరికిని క్రొత్తదే అయినను, పిల్లలకంటె వృద్ధులే మిక్కిలి ఎక్కువగా మరణించుటకు ఇది యొక కారణము.

అయితే దేహము పాత శత్రువును అంత సులువుగా మరువదు. 1846లో ఉత్తర అట్లాంటిక్ సముద్రములోని ఫారో దీవులలో తట్టు వ్యాపించి, సుమారు 7,800 మంది జనులలో 6,000 మందికి సోకెను. డెన్మార్కు ప్రభుత్వము పంపిన యువ వైద్యుడు పానుమ్ గ్రామ గ్రామము తిరిగి విచారించెను. 1781లో తట్టు వచ్చి తగ్గిన వృద్ధులలో ఒక్కరికైనను మరల వచ్చినట్లు ఆయనకు కనబడలేదు. 65 ఏండ్ల నాటి జ్ఞాపకము వారిని కాపాడెను!

కాని కొన్ని వైరస్‌ల విషయములో ఆ కాపలా సడలుటయు గలదు. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ తగ్గినను, దాని వైరస్ నరముల మూలములలో దాగియుండును. 50 ఏండ్లు దాటిన పిమ్మట అది మేల్కొని, ఒక ప్రక్క మంటతో కూడిన పొక్కులుగా బయటపడవచ్చును. దానినే మనము అక్కి అందుము. పైన పూసిన ఎర్రమన్ను నరములోని వైరస్‌ను చేరజాలదు. పొక్కులు కనబడిన మూడు దినములలోపల డాక్టరుగారిచ్చు మందు మొదలుపెట్టుట మేలు. ఆలస్యమైనచో నొప్పి నెలల తరబడి నిలువవచ్చును.

మరియొక సంగతి. వృద్ధులకు వ్యాధి ముదిరినను జ్వరము రాకపోవచ్చును. తికమకగా మాటలాడుట, అన్నము మానుట, నడచుచు తూలి పడుట, ఇవే గుర్తులు కావచ్చును. “ఒళ్లు కాలుట లేదు గదా, వయస్సు మీద పడినది” అని మనము ఊరకుండరాదు. వెంటనే డాక్టరుగారికి చూపవలెను.

పెద్దలకు ఫ్లూ టీకా ఏటేటా వేయింతము. అక్కికి కూడ టీకా కలదు. డాక్టరుగారి నడిగి తెలిసికొందము. దగ్గు, జలుబు ఉన్న దినములలో వారి మంచము దగ్గరకు పోక, దూరమునుండి పలుకరింతము. మన సంఘములో ఒంటరిగా నున్న వృద్ధులు ఒక ఆదివారము ఆరాధనకు రానిచో, సోమవారమువరకు ఆగక ఆ సాయంకాలమే మనలో ఒకరు వారి తలుపు తట్టుదము.