ముందు కాగితం, తర్వాత కోత

మన కొరాపుట్, రాయగడ పల్లెల్లో పెద్దల మాటలు వీడియో తీసేవారు పెరిగారు. తీయడం గంట, కోయడం నెల! జయపురం దగ్గర పాత్రపుట్‌లో నాటు వరి విత్తనాలు కాపాడి 2019లో పద్మశ్రీ అందుకున్న కమలా పూజారిగారు 2024లో కన్నుమూశారు. అలాంటివారి మాటను నెలలకొద్దీ మూల పడేస్తామా?

మా బడి పిల్లలతో నేను చేయించేది చెబుతాను. కంప్యూటరు ముట్టకముందే వీడియో ఒకసారి పూర్తిగా వినండి. "12 నిమిషాల 40 సెకన్లు, చోడి విత్తు దాచిన తీరు" అని నోటుబుక్కులో రాసుకోండి. ఏవి ఉంచాలో, ఏ వరసలోనో అక్కడే తేల్చుకుంటే కోత ఒక్కపూట పని.

కువి మాటలైతే ఆ భాష తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఒకసారి తెలియక, ఒక అవ్వ నవ్వుతూ అన్న "కాదు"ను కోసేశాను. అర్థం తలకిందులైంది. అసలు రికార్డింగు అప్పటికే చెరిపేశాను. మళ్ళీ వెళ్ళేసరికి ఆవిడ లేరు. ఇప్పుడు రెండు ప్రతులు తీస్తున్నాం: ఒకటి బడికి, ఒకటి ఆ ఇంటివారికి.