మీటర్స్ బ్యాండు వదిలిన ఖాళీలు

ఈరోజు మీ చెవికి కొత్త పని చెబుతున్నాను. పాట కోసం కాకుండా, పాట ఆగే చోట్ల కోసం వినాలి.

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరానికి చెందిన మీటర్స్ బ్యాండు పాటల్ని ఏరి, 1995లో రైనో సంస్థ ‘ఫంకిఫై యువర్ లైఫ్’ అనే రెండు సీడీల సంకలనం వేసింది. ఫంక్ సంగీతం తెలియనివాళ్లకి దీనికి మించిన గుమ్మం లేదని నా నమ్మకం.

మొదట్లో వీళ్లు నలుగురే. ఆర్గన్ మీద ఆర్ట్ నెవిల్, గిటార్ లియో నోసెంటెల్లి, బేస్ జార్జ్ పోర్టర్ జూనియర్, డ్రమ్స్ జిగబూ మోడలిస్ట్. 1969లో వచ్చిన ‘సిస్సీ స్ట్రట్’లో మాటలే లేవు. గిటారూ బేసూ ఒక్క గొంతుతో చిన్న పలుకు పలికి ఆగుతాయి. మొదటిసారి విన్నప్పుడు నాకు ఏదో వెలితిగా తోచింది. పాడే మనిషి ఎప్పుడొస్తాడా అని చూశాను. విన్నకొద్దీ తెలిసింది, అది వెలితి కాదు, కావాలని వదిలిన జాగా. నలుగురూ చెయ్యి ఆపుకున్న చోటే మన కాలు కదులుతుంది.

ఆ లయ వీధిలో పుట్టింది. న్యూ ఆర్లీన్స్‌లో అంతిమయాత్రకి బాకాల మేళం నడుస్తుంది. వెళ్లేటప్పుడు నెమ్మదిగా భక్తిగీతాలు, తిరిగొచ్చేటప్పుడు హుషారు పాటలు. మేళం వెనక చిందేస్తూ వచ్చే జనాన్ని ‘సెకండ్ లైన్’ అంటారు. ఆ ఊరేగింపులో పెద్ద డ్రమ్ము ఒకరిది, చిన్న డ్రమ్ము ఇంకొకరిది. జిగబూ ఆ ఇద్దరి పనీ ఒక్కడే చేస్తాడు. దెబ్బ మనం కాచుకున్న చోట పడదు, కాస్త ముందో వెనకో పడుతుంది. డప్పు వెంట నడిచినవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

తర్వాత గొంతులు వచ్చాయి. 1974 నాటి ‘రిజువనేషన్’ ఆల్బమ్‌లో ‘హే పాకీ ఎ-వే’ ఊరంతా కలిసి పాడుతున్నట్టుంటుంది. నాకు మాత్రం మాటలు లేని తొలి రోజుల వాయింపే ఎక్కువ ఇష్టం. 1977లో బ్యాండు విడిపోయింది. ఆ తర్వాత హిప్-హాప్ కళాకారులు ఈ డ్రమ్ముల ముక్కలు తీసుకుని తమ పాటలు కట్టుకున్నారు. 2018లో మీటర్స్‌కి గ్రామీ జీవన సాఫల్య పురస్కారం దక్కింది.

ఇప్పుడు ‘సిస్సీ స్ట్రట్’ వినండి. మూడు నిమిషాలే. గిటారును వదిలేసి, డ్రమ్ముల మీద చెవి పెట్టండి.