భారతదేశమున అణువిద్యుత్ పరిశ్రమ



అణుశక్తి అనినంతనే హిరోషిమా నగరము తలపునకు వచ్చుట సహజము. కాని ఆ శక్తితోనే నీటిని కాచి, ఆవిరిచేసి, ఆ ఆవిరితో టర్బైనును త్రిప్పి విద్యుత్తును తీయవచ్చును. బొగ్గుపొయ్యికి బదులు యురేనియపు పొయ్యి. తక్కినదంతయు కొత్తగూడెము, విజయవాడ థర్మల్ కేంద్రములలో జరుగు పనియే. అయితే పొయ్యి కట్టుట ఒక యెత్తు, దానికి వలయు కట్టెలు సంపాదించుట మరియొక యెత్తు. భారతదేశపు అణువిద్యుత్ చరిత్రలో కట్టెల కథయే ప్రధానమైనది.

1944 మార్చిలో హోమీ భాభాగారు టాటా ట్రస్టువారికి ఒక లేఖ వ్రాసి, అణుశక్తి వినియోగములోనికి వచ్చునాటికి దేశము నిపుణులకొరకు పరుల ముఖము చూడకుండవలెనన్నచో ఒక పరిశోధనసంస్థ అవసరమని తెలిపిరి. హిరోషిమాపై బాంబు అప్పటికింకను పడలేదు! మరుసటి సంవత్సరము ఆ సంస్థ వెలసినది. 1948లో అణుశక్తి సంఘము, 1954లో అణుశక్తి శాఖ ఏర్పడినవి. 1956 ఆగస్టు 4వ తేదీన బొంబాయి చెంత ట్రాంబేలో ‘అప్సర’ అను చిన్న రియాక్టరు పనిచేయ నారంభించినది. దాని నియంత్రణ పరికరములను సిద్ధపరచిన ఎలక్ట్రానిక్స్ విభాగమునకు నాయకులు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. హైదరాబాదున 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వెలయుటకు మూలపురుషులును వారే. అప్సర కట్టడము స్వదేశీయము. ఇంధనము మాత్రము బ్రిటన్ దేశమునుండి వచ్చినది.

ఇచ్చట కొంచెము శాస్త్రవిషయము తెలిసికొననిదే ముందు కథ బోధపడదు. యురేనియపు పరమాణువు పగిలినపుడు వెలువడు న్యూట్రానులు మరికొన్ని పరమాణువులను పగులగొట్టవలెనన్నచో వాటి వేగము తగ్గవలెను. మామూలు నీరు వేగమును తగ్గించును గాని, కొన్ని న్యూట్రానులను తానే మ్రింగివేయును. గనిలో దొరకు యురేనియమున సులభముగా పగులు భాగము వెయ్యింట ఏడు పాళ్లే కనుక అది ఈ నష్టమునకు ఓర్వజాలదు. భారజలము అట్లు మ్రింగదు. కావున మార్గములు రెండు: యురేనియమున ఆ పగులు భాగమును పెంచి మామూలు నీటితో వాడుట, లేక గనినుండి వచ్చిన దానినే భారజలముతో వాడుట. భాభాగారు రెండవదానిని ప్రధానమార్గముగా ఎన్నుకొనిరి. ఆ రియాక్టర్లలో పుట్టు ప్లుటోనియముతో రెండవ దశ, కేరళ, ఆంధ్ర తీరములందలి ఇసుకలో ఉన్న థోరియముతో మూడవ దశ నడుపవలెనని వారి ప్రణాళిక.

కాని మొదట విద్యుత్తునిచ్చినది వేరొక మార్గపు రియాక్టరు. మహారాష్ట్రమున తారాపూరునందు అమెరికా సంస్థ నిర్మించిన రెండు రియాక్టర్లు 1969లో పనిలోనికి వచ్చినవి. వాటి ఇంధనము అమెరికానుండియే రావలెను. భాభాగారు ఆ దినమును చూడలేదు. 1966 జనవరిలో ఆల్ప్స్ పర్వతములపై జరిగిన విమానప్రమాదమున మరణించిరి. భారజలముతో నడచు మొదటి రియాక్టరు కెనడా సహాయమున రాజస్థానమునందలి రావత్‌భాటాలో 1973లో వినియోగమునకు వచ్చినది.

1974 మే 18న పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరుగగనే కెనడా చేయి విడిచినది. రావత్‌భాటాలో రెండవ రియాక్టరు సగములో నిలిచి, 1981కి గాని పూర్తికాలేదు. కొన్నియేండ్లకు అమెరికాయు తారాపూరు ఇంధనమును ఆపివేసినది, ఫ్రాన్సు ఆదుకొనినది. వాడిన ఇంధనమును శుద్ధిచేయుటకు అనుమతించక, తాను తిరిగి తీసికొనకయు అమెరికా తారాపూరునందే వదలుట విచిత్రమైన మర్యాద.

భారజలము అంగడిలో దొరకు సరుకు కాదు. మామూలు నీటిలో ఆరేడువేల హైడ్రోజన్ పరమాణువులకు ఒక్కటి మాత్రమే బరువైనది. దానిని ఏరి తీయవలెను. గోదావరి యొడ్డున మణుగూరులో వెలసిన కర్మాగారము చేయు పని ఇదియే. హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువును నీటితో మరల మరల కలిపి, ఒక్కొక్క మెట్టున కొంచెము కొంచెముగా భారజలమును ప్రోగుచేయుదురు. హైదరాబాదునందలి అణు ఇంధన సముదాయము యురేనియపు గుళికలను, వాటిని పొదుగు జిర్కోనియపు గొట్టములను తయారుచేయుచున్నది. స్వదేశనిర్మితమైన కల్పాక్కము మొదటి రియాక్టరు 1984లో వినియోగమునకు వచ్చినది. కట్టడము కంటె భారజలము కొరతయే దానిని ఎక్కువ వేధించినది.

నరోరా సంగతి చెప్పక తప్పదు. 1993 మార్చి 31 తెల్లవారుజామున అచ్చట టర్బైను రెక్కలు విరిగి, జనరేటరును చల్లబరచు హైడ్రోజన్ వెలువడి అంటుకొనినది. ముఖ్యమైన విద్యుత్తీగలు, ప్రత్యామ్నాయపు తీగలు ప్రక్కప్రక్కనే ఉండుటచే రెండును కాలిపోయినవి. పదునేడు గంటలు కేంద్రమంతయు చీకటి. పనివారు టార్చిలైట్లతో మెట్లెక్కి, రియాక్టరు మరల రగులకుండ చేతులతో బోరాన్ ద్రవమును వదలిరి. డీజిలు పంపులతో నీరు పెట్టిరి. రేడియోధార్మికత బయటకు రాలేదు. వారి ధైర్యమును కొనియాడుట న్యాయమే. కాని రెండు తీగలను ఒకే దారిని పోనిచ్చిన వారి ఆలోచనాలోపమును అది కప్పిపుచ్చరాదు.

2000 సంవత్సరమునకు 10,000 మెగావాట్లని ప్రభుత్వము ప్రకటింపగా సిద్ధించినది 3,000 లోపే. 2006-08 మధ్య యురేనియము చాలక కేంద్రములు సుమారు సగము సామర్థ్యముతో నడచినవి. ఇందుకు కారణము దేశపు ఖనిజము అల్పసారమగుట. కడప జిల్లా తుమ్మలపల్లెలో గని తెరచిరి. దాని వ్యర్థములవలన నీరు, పంటలు చెడుచున్నవని చుట్టుపట్ల రైతులు మొఱపెట్టుకొనిరి. 2008లో అణు సరఫరాదేశముల కూటమి ఆంక్ష సడలింపగా విదేశపు యురేనియము మరల రాసాగినది. పిమ్మట ఫలితములును కనిపించినవి: కర్ణాటకమునందలి కైగా మొదటి రియాక్టరు 2018 చివరకు 962 దినములు ఎడతెగక నడచినది, గుజరాతునందలి కాక్రపారులో 700 మెగావాట్ల స్వదేశీ రియాక్టర్లు 2023, 2024 సంవత్సరములలో వినియోగమునకు వచ్చినవి. ఇంత చేసినను దేశపు విద్యుత్తులో అణుభాగము నూటికి మూడు పాళ్ల చెంతనే ఉన్నది. రెండవ దశకు నాందియైన కల్పాక్కము ఫాస్ట్ బ్రీడర్ నిర్మాణము 2004లో మొదలుకాగా, ఇంధనము నింపు కార్యమునకు ఆరంభము 2024 మార్చిలో జరిగినది.

తమిళనాడునందలి కూడంకుళములో రష్యా సహాయమున నిర్మించిన రియాక్టరు 2013లో విద్యుత్తునిచ్చుటకు ముందు బెస్తవారు దీర్ఘకాలము ఆందోళన సాగించిరి. జపానున ఫుకుషిమా ప్రమాదమును విన్నవారి భయమును అజ్ఞానమని త్రోసివేయుట తగదు. శ్రీకాకుళము జిల్లా కొవ్వాడ తీరమునను అమెరికా నమూనా రియాక్టర్లు ఆరు ప్రతిపాదింపబడినవి. అచ్చటి వారును సముద్రము నమ్ముకొని బ్రతుకువారే. ఊరు విడిచి ఎచ్చట బ్రతుకవలెనన్నది వారి ప్రశ్న. ఆ రియాక్టర్లు నడచునది గని యురేనియముతో కాదు, తారాపూరు రియాక్టర్లవలె పగులు భాగము పెంచిన ఇంధనముతో.