గెలిచిన సొమ్ముకు ముందే పన్నా?
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఫోనులో వచ్చే పందెం ఆటల గురించి నాలుగు మాటలు చెబుతాను. పేకాట తప్పని పిల్లలకు చెప్పే మనమే, ఇవి బొమ్మల ఆటల్లా కనబడేసరికి ఊరుకుంటున్నాం.

మోసం జరిగే తీరు వినండి. మొదట వంద రూపాయలు వేయిస్తారు. రెండు వందలు గెలిచారని నిజంగానే ఖాతాకు పంపుతారు. నమ్మకం కుదిరాక వేలల్లో వేయిస్తారు. తెరమీద లక్ష కనబడుతుంది. తీసుకోబోతే 'ముందు 30 శాతం పన్ను కట్టండి' అంటారు. గెలుపు సొమ్ముపై 30 శాతం పన్ను ఉన్నమాట నిజమే. అందుకే చదువుకున్నవారూ నమ్ముతున్నారు. కానీ ఆ పన్నును సొమ్ము ఇచ్చేవారే అందులోంచి మినహాయించాలి. విడిగా కట్టమన్నారంటే ఆ లక్ష ఉత్త అంకె. పైగా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. 'మాకు లైసెన్సు ఉంది' అంటే వినకండి.

కాలేజీ పిల్లలకు ఇంకో మాట. 'నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు నెల రోజులు ఇవ్వు, డబ్బిస్తాం' అని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. దోచిన సొమ్ము ఆ ఖాతాగుండా పోతుంది. పోలీసులు వచ్చేది మాత్రం మీ ఇంటికి. ఉపకార వేతనం పడే ఖాతాను కూడా స్తంభింపజేయవచ్చు.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి. సొమ్ము చేతులు మారకముందైతే ఆపే వీలుంటుంది. తల్లిదండ్రులారా, పిల్లవాడు నోరు విప్పి చెప్పిన ఆ గంటలో తిట్టడం మొదలుపెట్టకండి, ముందు ఫోను చేయండి. చెల్లింపు నంబరు, వచ్చిన మెసేజీలు చెరిపేయకుండా దగ్గర ఉంచుకోండి, అడుగుతారు.