పెరటి మరమ్మతు: ఉగాది నుంచి మిరుగం దాకా

ఈ పూట మనం మాట్లాడుకునేది పెరటి మరమ్మతు గురించి. వడ్రంగానికీ కుమ్మరానికీ ఉన్నట్టు దీనికంటూ ఒక పేరు లేదు, అందుకే దీన్ని ఎవరూ పనితనంగా లెక్కించరు. కానీ చెదిరిన పాదును మళ్లీ కట్టడం, వదులైన పార పిడిని బిగించడం, వాలిన పందిరిని నిలబెట్టడం, కారే నల్లాకు వాషర్ మార్చడం, ఇవన్నీ ఎప్పుడు చేయాలో ఎంతవరకు చేయాలో తెలిసి చేయవలసిన పనులు. కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులకు దగ్గరగా ఉన్న మన నారాయణఖేడ్‌లో పెరడు బతికేది ఆ తెలివిడి మీదే. ఇక్కడి ఇళ్ల వెనక జాగా పెద్దదేమీ కాదు. ఓ కల్యామాకు చెట్టు, ఓ నిమ్మ, ఓ జామ, బోరింగు పక్కన పుదీనా, పందిరి మీద చిక్కుడో ఆనపకాయో, నాలుగు మడుల్లో తోటకూర, పుంటికూర. నేను చెప్పదలచింది ఒక్కటే. ఉగాదికి ముందూ వెనకా ఉండే ఈ రోజుల్లో మన పెరటికి కొత్త మొక్కల కంటే ఉన్నవాటికి మరమ్మతు ముఖ్యం. నాటే కాలం మిరుగంతో ఎలాగూ వస్తుంది. అప్పటిదాకా ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే అసలు పని.

ఇందుకు మొదటి ఆధారం మన ఏడాది నడకే. ఇక్కడ ఏటా పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఆ తర్వాత నేలలో మిగిలిన తడి మీద శనగ, యాసంగి జొన్న గట్టెక్కుతాయి. ఫిబ్రవరి చివరికి ఆ తడీ అయిపోతుంది. మార్చి మూడో వారంలో ఉత్తరాభాద్ర కార్తె, నెలాఖరుకు రేవతి, ఏప్రిల్ 13, 14 ప్రాంతంలో అశ్విని, తర్వాత భరణి, కృత్తిక, మే 25 ప్రాంతంలో రోళ్లు పగిలే రోహిణి, జూన్ 7, 8 తేదీలకు మృగశిర, అంటే మన మిరుగం. పంట చేతికొచ్చాక, వాన రాకముందు వచ్చే ఈ రోజులను పల్లె ఎప్పుడూ మరమ్మతులకే కేటాయించింది. చెరువు నీరు తగ్గినప్పుడే పూడిక తీస్తారు, కట్ట పోస్తారు. ఇంటి మీద గూన పెంకలు సర్దేది ఇప్పుడే, నాగలి, గుంటక వడ్లాయన దగ్గరికి వెళ్లేదీ ఇప్పుడే. రాష్ట్రంలో చెరువుల పునరుద్ధరణకు 2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలైంది, అదీ ఈ కాలంలోనే. చెరువుకూ ఇంటికీ నాగలికీ పాటించిన ఈ క్రమాన్ని ఇంటి వెనక పెరటికి మాత్రం మనం మరిచిపోయాం.

దీనికి ఎదురు చెప్పేవాళ్లు ఫోన్లో చూసిన తోటపని వీడియోలను చూపిస్తారు. మార్చి రాగానే కత్తిరించండి, ఎరువు వేయండి, కొత్త మొక్కలు నాటండి అని అందులో చెబుతారు. ఇంగ్లండు లాంటి చలిదేశాల్లో ఆ మాట సరైనదే. అక్కడ మొక్కకు గండం మంచు, మార్చి, ఏప్రిల్ నెలల్లో అది తగ్గి నేల వెచ్చబడుతుంది. మనకు గండం ఎండ, అది మార్చిలోనే మొదలవుతుంది. గండం దాటాక నాటాలన్నది రెండు చోట్లా ఒకే సూత్రం. ఆ సూత్రాన్ని తెచ్చుకుంటే లాభం, వాళ్ల తేదీని తెచ్చుకుంటే నష్టం. మరి వేపచెట్టు ఆకు రాల్చి సరిగ్గా ఉగాదికే చిగురు, పూత వేస్తుంది కదా అని ఇంకొకరు అడగవచ్చు. వేప వేరు లోతుకు దిగి తడిని వెతుక్కుంటుంది. నిరుడు నాటిన జామకు వేళ్లు ఎక్కువగా ఉండేది మూరెడు లోతులోపే, ముందుగా ఎండిపోయేదీ ఆ పై పొరే. ఇప్పుడు యూరియా వేసి దాన్ని చిగురు తొడిగిస్తే ఆ లేత ఆకును పోషించడానికి మరింత నీరు కావాలి. ఆ నీరు అందకపోతే చిగురు మాడుతుంది, దానితోపాటు చెట్టు దాచుకున్న బలమూ పోతుంది. అందుకే నిలబెట్టుకోవలసిన చెట్లకు బలానికి వేసే ఎరువును మిరుగం దాకా ఆపడమే మంచిది.

ఇక నేల సంగతి. మన చుట్టుపక్కల నల్లరేగడి ఉంది, ఎర్రనేల ఉంది. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి బీటలిస్తుంది. ఆ బీటల గుండా గాలి లోపలికి దూరి అడుగున ఉన్న తడిని కూడా లాగేస్తుంది. మార్చిలో బీటలు ఇంకా వేలెడు సన్నంగా ఉన్నప్పుడే కుర్పీతో పైమట్టిని రెండు మూడు అంగుళాల లోతున గుల్ల చేసి బీటల్లోకి రాల్చాలి. అంతకన్నా లోతుకు పోతే వేళ్లు తెగుతాయి. ఆ పైన ఆకు పరవాలి. వేప, రావి ఆకు రాలేది ఈ రోజుల్లోనే. ఊడ్చి తగలబెట్టే ఆ ఆకునే మూడంగుళాల మందాన పాదులో పరిస్తే నేల మీద ఎండ సూటిగా పడదు, పోసిన నీరు ఎక్కువ రోజులు నిలుస్తుంది. శనగ పొట్టు, చెరకు ఆకు, జొన్న చొప్ప ముక్కలు, ఏది దొరికితే అది వాడుకోవచ్చు. ఎండుటాకు పరిస్తే చెద పడుతుందని చాలామంది భయపడతారు, ఎర్రనేలల్లో ఆ భయం నిజమే. దానికి పరిష్కారం ఆకును మానేయడం కాదు, మొదలు చుట్టూ జానెడు మేర ఖాళీ వదలడం, పరిచే ముందు పిడికెడు వేపపిండి చల్లడం, వారానికోసారి పైకి లేపి చూడడం. మొదలు పైన రెండడుగుల మేర సున్నం పూస్తే పడమటి ఎండకు బెరడు పగలకుండా ఉంటుంది.

నీటి విషయంలో మరమ్మతు విలువను లెక్క కట్టి చూడవచ్చు. వాషర్ అరిగిన నల్లా నుంచి గంటకు ఒక గ్లాసు, అంటే పావు లీటరు కారుతుందనుకుందాం. రోజుకు 6 లీటర్లు. ఉగాది నుంచి మిరుగం దాకా 75 రోజులనుకుంటే 450 లీటర్లు, అంటే 15 లీటర్ల బకెట్లు ముప్ఫై. వారానికి మూడు బకెట్ల చొప్పున ఒక చిన్న నిమ్మచెట్టును పది వారాలు కాపాడే నీరు అది. నిమిషాల్లో అయ్యే చిన్న మరమ్మతు ఒక చెట్టును దక్కిస్తుంది. పైపు అతుకు దగ్గర పాకుడు పట్టిందంటే అక్కడ కారుతున్నట్టే లెక్క. ఇంకో ఉపాయం మట్టికుండ. మెరుగు పూయని కుండను మూతి పైకి ఉండేలా మెడ దాకా పాతి, నీరు నింపి మూత పెడితే, చుట్టూ మట్టి ఎండే కొద్దీ కుండ గోడ నుంచి తడి ఊరుతుంది. చైనాలో క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి ఉంది. అంచు పగిలి నీళ్లకు పనికిరాదని పక్కన పెట్టిన పాత కుండ దీనికి సరిపోతుంది. అడుగున చిల్లు ఉంటే సిమెంటు ముద్దతో మూయాలి. బోరునీటి ఉప్పు పేరుకొని ఊట తగ్గితే కొబ్బరి పీచుతో రుద్ది కడగాలి.

అసలు తాగునీటికే కటకటలాడే రోజుల్లో పెరటికి నీరెక్కడిదని అడగడం న్యాయమే. ఇంటికి వచ్చే మిషన్ భగీరథ నీరు శుద్ధి చేసిన తాగునీరు, దాన్ని మొక్కలకు పోయమని నేను చెప్పను. బియ్యం కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు, స్నానాల నీరు పెరటికి మళ్లితే చాలా వరకు సరిపోతుంది. బట్టల సబ్బు పొడి నీటిని మాత్రం ఆకుకూరలకు పోయకూడదు. అందులోని సోడియం రేగడి నేలను గట్టిపరుస్తుంది. అంతకంటే ముఖ్యమైన జవాబు ఏమిటంటే, మరమ్మతు చేసే మనిషి అన్నింటికీ నీరు పోయాలని చూడడు. చిక్కుడు కాపు ముగిసింది, తీగను కోసేయాలి. ముదిరిన తోటకూరను విత్తనానికి నాలుగు మొక్కలు వదిలి పీకేయాలి. బాగా ఎదిగిన జామకు ఇప్పుడు నీరు ఆపడమే మేలు. పొరుగున మరాఠీ రైతులు మృగ్ బహార్ అనేది ఇదే. ఎండాకాలంలో చెట్టును బెట్టకు వదిలి, వానలతో పాదు తవ్వి ఎరువిస్తే అప్పుడు పూత వచ్చి చలికాలంలో కాయ దిగుతుంది. వానాకాలపు జామ చప్పగా ఉండి పండుఈగ పాలవుతుంది, చలికాలపు కాయ తియ్యగా ఉంటుంది. అలా మిగిలిన నీరు చిన్న మొక్కలకూ నిమ్మకూ కల్యామాకుకూ వెళుతుంది.

కత్తెర విషయంలోనూ ఇదే నిగ్రహం కావాలి. ఎండిన కొమ్మ, ఒకదానికొకటి రాసుకునే కొమ్మ, అంటు కట్టిన చోటుకు కింద నుంచి లేచిన పిలక, ఈ మూడింటినీ ఇప్పుడు తీసేయవచ్చు. పచ్చటి గుబురును ముట్టుకోకూడదు, అది చెట్టు తన కొమ్మలకు తానే వేసుకున్న నీడ. మునగ ఈ రోజుల్లో కాపు మీద ఉంటుంది. కాయ పూర్తిగా దిగాకే దాన్ని నేలకు మూడడుగుల ఎత్తున నరకాలి. అప్పుడు వానలకు కొత్త కొమ్మలు బలంగా వస్తాయి.

దడి, పందిరి, పనిముట్లు కూడా పెరటిలో భాగమే. దడి గుంజను పరిశీలించి చూడండి. పైన గట్టిగా ఉంటుంది, మట్టిలో ఉన్న భాగమూ కొంత గట్టిగానే ఉంటుంది, మట్టీ గాలీ కలిసే చోట మాత్రం బెత్తెడు మేర పుచ్చిపోతుంది. అక్కడే తడీ గాలీ చెదా కలుస్తాయి. గుంజ మొత్తాన్ని పారేయనక్కర లేదు. పుచ్చిన చోటు దాకా కోసి, కొత్త మొనను నిప్పు మీద పైపైన మాడ్చి మళ్లీ పాతవచ్చు. మేకలకు వావిలి రుచించదు, దాన్ని దడి వెంట కొమ్మలుగా మిరుగంలో నాటితే మూడు నాలుగేళ్లలో అదే దడి అవుతుంది. కోతులను ఏ దడీ ఆపలేదన్నది ఒప్పుకోవలసిన మాట. వాటి బెడద ఎక్కువున్న వాడల్లో కాయల కంటే పుదీనా, కల్యామాకు, నిమ్మ లాంటివి నమ్ముకోవడం తెలివైన పని. ఇక పార, గొడ్డలి. ఎండకు కర్ర కుంచించుకుపోయి పిడి ఊగుతుంది. చాలామంది రాత్రంతా నీళ్లలో నానబెడతారు. కర్ర ఉబ్బి ఆ పూటకు బిగుస్తుంది కానీ ఆరాక ఇంకా వదులవుతుంది. పిడి కొసలో చెక్క చీల కొట్టి బిగించడమే నిలిచే పద్ధతి.

విత్తనం దాచడాన్నీ నేను మరమ్మతుల్లోనే లెక్కిస్తాను, ఎందుకంటే నిరుటి పంటలో మనకు నచ్చినదాన్ని మళ్లీ నిలబెట్టేది అదే. పందిరి మీద ఎండిన చిక్కుడు కాయ, ముదిరిన ఆనపకాయ, బీరకాయ ఇప్పుడే చేతికొస్తాయి. ఆరోగ్యంగా కాసిన తీగ నుంచి మాత్రమే తీసి, నీడన ఆరబెట్టి, బూడిదలో కలిపి, వేపాకు వేసి మూత పెట్టాలి. ఇది పాతకాలపు ముచ్చట అనుకునేవాళ్లు మన పొరుగు జహీరాబాద్ వైపు చూడాలి. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత, పేద రైతు మహిళలు ఊరూరా విత్తన నిధులు నడుపుతున్నారు. బుట్టల్లో, బూడిదలో, వేపాకులో దాచిన విత్తనాలతోనే వాళ్ల సంఘాలు నడిచాయి. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

చివరి అభ్యంతరం ఖర్చు గురించి, శ్రమ గురించి. అంగట్లో పది రూపాయలకు ఆకుకూర కట్ట దొరుకుతుంటే ఇంత పని ఎందుకు? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లు రోజుకు 100 గ్రాముల ఆకుకూర తినాలని చెబుతోంది. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు 12 కిలోలు. ఎండాకాలంలో కూర వాడిపోతుంది, ధర పెరుగుతుంది, పేద ఇంట్లో ముందు తగ్గేది ఆకుకూరే. పెరడు మొత్తం తీర్చలేకపోయినా ఆ లోటును పూడుస్తుంది. శ్రమ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. బకెట్లతో నీరు మోసేది చాలా ఇళ్లల్లో ఆడవాళ్లే. మరమ్మతు చేయని పెరడు వాళ్ల మోతను పెంచుతుంది. కారే నల్లా బాగైతే, పాదు మీద ఆకు పరిస్తే, కుండ పాతితే, మోసే బకెట్లు తగ్గుతాయి. కాబట్టి ఈ పనులు ఇంట్లో మగవాళ్లూ పిల్లలూ పంచుకోవడం సాయం చేసినట్టు కాదు, తమ వంతు చేసినట్టు.

వరస కూడా చెప్పి ముగిస్తాను. ఉగాది వారంలో కారే చోట్లు మూయండి, బీటలు పూడ్చండి, ఆకు పరవండి. అశ్విని కార్తెలోపు దడి, పందిరి, పనిముట్లు చూసుకోండి, విత్తనాలు దాచుకోండి. కృత్తికలో ఇంటి కప్పు మీది చెత్త తీసి, నీరు దిగే గొట్టం సరిచేసి, ఇంకుడుగుంత తవ్వండి. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 50 చదరపు మీటర్ల కప్పు మీద 800 మిల్లీమీటర్లంటే 40 వేల లీటర్లు. అందులో సగం నేలలో ఇంకినా మీ బోరుకు, వచ్చే ఎండాకాలపు పెరటికి అదే ఆధారం. ఇవన్నీ చేయలేకపోతే మొదటి వారం పని ఒక్కటైనా వదలకండి. మిరుగం నాటికి పచ్చగా మిగిలిన ప్రతి చెట్టు, ఆ రోజు నాటబోయే మొక్క కంటే కనీసం ఏడాది ముందుంటుంది.