చుట్టింటి లెక్క

ఆర్కిటెక్చర్ పట్టాలు అందుకుంటున్న మిత్రులారా, ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లును మన సర్కారు లెక్కలు కచ్చా ఇళ్ల జాబితాలో వేస్తాయి. ఆ జాబితా చూసి దాన్ని చదువులేని కట్టుబడి అనుకోవద్దని మీకు చెప్పాలి. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా పాత పల్లెల్లో దాన్ని నిలబెట్టినవారు గాలినీ వాననూ ఎండనూ కలిపి లెక్కగట్టారు. మట్టిగోడ గుండ్రంగా ఉంటుంది కాబట్టి పెనుగాలి సూటిగా కొట్టడానికి చదునైన ముఖం దొరకదు. తాటాకు కప్పు చుట్టూ వాలుగా దిగుతుంది కాబట్టి గాలికి పట్టు దొరికే త్రికోణపు గోడ ఉండదు. వాసాలకు తాళ్ల కట్లు వేస్తారు, అవి ఊపుకు కాస్త సాగుతాయి. మట్టిగోడకు నీళ్లే శత్రువు, అందుకే మనిషి వంగి లోపలికి వెళ్లేంత కిందికి చూరు దిగుతుంది. ఆ చూరే గోడను ఎండ నుంచీ కాస్తుంది. వెలుతురు తక్కువే, ఆ ధర తెలిసే చెల్లించారు.

తాటాకు అంటుకుంటుంది కదా అంటారు. నిజమే, వేసవిలో ఒక్క నిప్పురవ్వతో వాడంతా బూడిద కావడం మనకు కొత్త కాదు. ఉప్పెన మాటో? 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రమే వచ్చింది. వేలమంది పోయారు. అంతటి నీటికి మట్టిగోడ నిలవదు, తుపాను షెల్టర్లను కాంక్రీటుతో కట్టడం సరైన పనే. ఇక నిప్పు మాటకొస్తే, ఇంగ్లండులో షేక్‌స్పియర్ భార్య ఆన్ హాత్‌వే పుట్టింటి పాత భాగం పదిహేనో శతాబ్దానిది. 1969లో మంటల్లో బాగా దెబ్బతిన్నా అది ఇప్పటికీ గడ్డికప్పుతోనే ఉంది. గడ్డి నేయగలిగే పనివాళ్లూ, ఖర్చు భరించే ట్రస్టూ అక్కడున్నారు. మన పల్లెలో ఎప్పటికప్పుడు ఆకు మార్చే బరువు ఇంటివాళ్లదే. వాళ్లు డాబా కోరితే కాదనే హక్కు మనకు లేదు.

అయితే చుట్టిల్లు పోయిన చోటికి చాలాసార్లు వచ్చింది రేకుల కప్పు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు విశాఖలో రేకులు ఎగిరిపోయాయి. గాలి ఎక్కువగా ఉండే తీరాల్లో త్రికోణపు గోడల కప్పు కంటే అన్ని వైపులా వాలే కప్పే మేలని నేటి నిర్మాణశాస్త్రమూ ఒప్పుకుంటుంది. ఆకునూ మట్టినీ వదిలేయవచ్చు, ఆ వాలునూ ఆ చూరునూ ఆ కట్టునూ వదులుకోనక్కర్లేదు. మిగిలిన చుట్టిళ్లు ఇంకా నిలబడి ఉండగానే వెళ్లి కొలతలు తీయండి, గీయండి. ఆకు కప్పడం తెలిసిన పెద్దల్ని అడిగి రాసుకోండి. వాళ్ల పేర్లు మీ డ్రాయింగు మీద వేయండి.