నొప్పి తెలియని పుండు – ఇంటివారి కళ్ళే కాపలా



మన వినుకొండ చుట్టుపక్కల ఊళ్ళనుండి వచ్చే పెద్దవారిలో చాలామందికి జబ్బు ఒక్కటే ఉండదు. షుగరు, దానితో కిడ్నీ జబ్బు, ఆపైన పక్షవాతం. మీరు మందులు వేళకు ఇస్తారు. కాని చర్మం సంగతి మరచిపోతాం. ఇటువంటివారికి చిన్న పగులే పెద్ద పుండై, కాలు తీసివేసేదాకా రావచ్చు.

1940ల చివరలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతులు, పాదాలు పరీక్షించారు. జబ్బువల్లనే వేళ్ళు కుళ్ళి రాలిపోతాయని అప్పట్లో అందరూ అనుకునేవారు. అది నిజం కాదనీ, స్పర్శ పోయినందువల్ల తెలియకుండా తగిలే దెబ్బలు, కాలిన గాయాలే కారణమనీ ఆయన చూపించారు. షుగరుతో నరాలు దెబ్బతిన్న పాదం కూడా ఇంతే. ఎండకు కాలిన నాపరాయి మీద నిలబడినా, చెప్పులో రాయి ఉన్నా తెలియదు. "నొప్పి లేదు కదా" అని ఊరుకోవద్దు. నొప్పి లేని పుండే ప్రమాదం.

అందుకే రోజూ మంచి వెలుతురులో అరికాళ్ళు, మడమలు, వేళ్ళ సందులు చూడండి. కాళ్ళు కడిగి, సందుల్లో తడి లేకుండా అద్దండి. నీళ్ళలో నానబెట్టవద్దు, కాపడం పెట్టవద్దు, ఆనెలను బ్లేడుతో కోయవద్దు. చెప్పులు దులిపి తొడగండి.

కిడ్నీ జబ్బులో చర్మం పొడిబారి దురద పెడుతుంది. గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయించి, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే వాజలిన్ వంటిది పలుచగా రాయండి. వేళ్ళ సందుల్లో మాత్రం రాయవద్దు. ఆస్ట్రేలియాలోని వృద్ధుల సంరక్షణ గృహాల్లో చేసి 2014లో ప్రచురించిన పరిశోధనలో, చర్మాన్ని మెత్తబరిచే క్రీము రోజుకు రెండుసార్లు రాస్తే చర్మం చిట్లిపోవడం దాదాపు సగం తగ్గింది.

మంచాన ఉన్నవారిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పండి. ఈడ్చకండి, దుప్పటితో ఎత్తి జరపండి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పైకి తేలేలా చూడండి. నడుము కింద, తుంటి దగ్గర ఎర్రబడితే వేలితో నొక్కి వదలండి. ఎరుపు పోకపోతే అది పుండుకు మొదలు. నల్లని చర్మం మీద ఎరుపు కనబడదు కాబట్టి వేడిగా, గట్టిగా ఉందేమో తాకి చూడండి. ఆ చోట రుద్దవద్దు, ఆ వైపు పడుకోబెట్టవద్దు. తడిసిన బట్ట వెంటనే మార్చండి.

పుండు కనబడితే పసుపు, కాఫీపొడి, ఆకుపసరు పెట్టవద్దు. శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. వాసన, నలుపు, జ్వరం ఉంటే గంట కూడా ఆగవద్దు.

రాత్రి మాత్ర ఇచ్చేటప్పుడు పాదాలూ వీపూ ఒకసారి చూడటానికి పైసా ఖర్చు లేదు. దానివల్ల ఒక కాలు దక్కవచ్చు. ఈ మాట ఇంట్లో మిగతావారికి కూడా చెప్పండి.